నైట్ డ్యూటీ చేసి వచ్చిన అమ్మాయిని పడుకోనిద్దాం
(మండల సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)

నన్ను నర్సుల అలసట గురించి మాట్లాడమన్నారు. మనకేం సంబంధం అనుకోకండి. గ్రూపులో లోను తీసుకుని కూతుర్ని మూడేళ్లు జీఎన్‌ఎం చదివించిన తల్లులు ఇక్కడే కూర్చున్నారు. మా తోటికోడలు కూడా నర్సే.

చాలా ఆసుపత్రుల్లో డ్యూటీలు మూడు. పొద్దున 8 నుంచి 2 దాకా, 2 నుంచి రాత్రి 8 దాకా, రాత్రి 8 నుంచి మళ్లీ పొద్దున 8 దాకా. పగటివి ఆరేసి గంటలు, రాత్రిది మాత్రం పన్నెండు. రాత్రిపూట ఏముంటుంది, కూర్చోవడమే కదా అంటారు కొందరు. సెలైన్లు ఎవరు మారుస్తారండీ? బీపీలు ఎవరు చూస్తారు?

మన ఒంట్లో ఒక గడియారం లాంటిది ఉంటుంది. చీకటి పడితే నిద్ర తెప్పిస్తుంది, తెల్లారితే లేపుతుంది. అందుకే ఎంత అలసిపోయి వచ్చినా పగటి నిద్ర తక్కువసేపు పడుతుంది, చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేస్తుంది. వరసగా నాలుగు నైట్‌లు పడితే, కిస్తీ కట్టనప్పుడు బాకీ పెరిగినట్టు నిద్ర బాకీ పెరిగిపోతుంది.

1997లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు కొంచెం మందు తాగిన మనిషిలా ఉంటుందని తేలింది. ఇప్పుడు మన లెక్క వేసుకుందాం. పొద్దున 6 గంటలకు లేచి, ఇంటెడు చాకిరీ చేసి, పగలు కునుకు తీయకుండా నైట్‌కు వెళ్తే రాత్రి 11కే 17 గంటలు అయిపోతాయి. డ్యూటీ ఇంకా తొమ్మిది గంటలుంటుంది. ఇంజెక్షన్ డోసు చూసి చేయాల్సింది ఆ చేతులే. పొద్దున స్కూటీ నడుపుకుంటూ ఇంటికి రావాల్సిందీ ఆ మనిషే. నైట్ దిగిన రోజు బండి వద్దు, బస్సెక్కి రమ్మనండి.

ఇంకో అన్యాయం చెప్తాను. మా తోటికోడలు ఇంతకుముందు చేసిన ప్రైవేటు ఆసుపత్రిలో పొద్దున 8కి నైట్ దిగితే ఆ రోజునే ఆఫ్ కింద రాసేవాళ్లు. మర్నాడు 8కి మళ్లీ డ్యూటీ. అదేం సెలవండీ? ఒక్కతే అడిగితే వినలేదు. వార్డులో నర్సులంతా కలిసి వెళ్లి అడిగాక మర్నాడు కూడా ఇచ్చారు.

ఆసుపత్రి వాళ్లు చేయాల్సింది అది. ఇంట్లో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. నైట్‌కు వెళ్లే రోజు మధ్యాహ్నం గంటన్నర పడుకోనివ్వాలి. తిరిగొచ్చాక ఏదన్నా తినిపించి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, ఫోను తీసి పక్కన పెట్టాలి. తెల్లవారుజామున టీ తాగొద్దని చెప్పాలి, తాగితే ఇంటికొచ్చాక నిద్ర పట్టదు. వంట సంగతి అంటారా, మా మరిది అన్నం వండుతున్నాడు. కూర మా అత్తగారు చూసుకుంటారు.

మా గ్రూపు సమావేశం పదకొండింటికి మా వరండాలోనే జరిగేది. తోటికోడలికి నైట్‌లున్న వారం పక్కింటి అక్క వాళ్ల అరుగు మీద పెట్టుకుంటున్నాం. మీ ఊళ్లల్లో కూడా ఎవరింట్లో నర్సులున్నారో వచ్చే వీవో సమావేశంలో అడిగి తెలుసుకోండి.