చూసిన కథను చదువుకుందాం



1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమాను పల్లెపల్లెనా తెర కట్టి చూపించారు. చదువురాని పెద్దలు ఎందరో యేసు కథను మొదట అందులోనే, విజయచందర్ నటనలో చూశారు. ఇప్పుడు ఆ సినిమా మన ఫోన్లలోనే ఉంది. చూస్తాం, కన్నీళ్లు పెట్టుకుంటాం, ఇంకో వీడియోకు పోతాం.

సినిమా మనసును కదిలిస్తుంది. విశ్వాసం వేరు పట్టాలంటే వాక్యం చదవాలి. సినిమా చూసిన మర్నాటి నుంచి లూకా సువార్త మొదలుపెడదాం. రోజుకో అధ్యాయం చదివితే 24 రోజులు. ముందు ప్రార్థన, తర్వాత నిదానంగా చదవడం. 15వ అధ్యాయంలో తప్పిపోయిన గొర్రె దగ్గర ఆగుదాం. 99 గొర్రెలను విడిచి ఒక్కదాని కోసం వెళ్లడమంటే ఏమిటో మందలు కాసిన మన తాతలకు తెలుసు. ఆ ఒక్కటి నేనేనా అని ఎవరికి వారు అడుగుదాం.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. అందుకే పగలు తెలుగులో చదివినదాన్ని రాత్రి యాడీబాపులకు మన బోలిలో చెబుదాం. మనం చెప్పకపోతే వాళ్లకు వాక్యం అందదు, మనకు బోలి మిగలదు.