నోరు విప్పవలసినది ఎవరు? వృత్తి సైక్లింగ్, ఉత్ప్రేరకాలు, మౌనం

నిషేధిత ఉత్ప్రేరకాల వాడకాన్ని అరికట్టడం క్రీడా పాలక సంస్థల పని మాత్రమేనా, లేక ఆ వాడకాన్ని కళ్లారా చూసిన క్రీడాకారులకూ అందులో బాధ్యత ఉందా అన్నది ఈ స్మారకోపన్యాసం పరిశీలించే ప్రశ్న. దీనికి వృత్తి సైక్లింగ్ చరిత్రలో, ముఖ్యంగా 1903లో ఆరంభమై మూడు వారాల మహా పోటీగా ఎదిగిన టూర్ డి ఫ్రాన్స్ చరిత్రలో, విస్తారమైన సాక్ష్యం లభిస్తుంది.

1924లో, అంతకు ముందటి ఏడాది విజేత అయిన హెన్రీ పెలిస్సియే తన తమ్ముడు ఫ్రాన్సిస్‌తో కలిసి పోటీ మధ్యలోనే వైదొలగి, కూతాన్స్ పట్టణంలో అల్బేర్ లోండ్ర్ అనే పాత్రికేయుడి ఎదుట సంచులు విప్పి, కళ్లకు వాడే కొకైన్, చిగుళ్లకు రాసే క్లోరోఫామ్, శక్తినిచ్చే మాత్రలు బయటపెట్టాడు. అప్పటికి క్రీడలో వాటిపై నిషేధమే లేదు కనుక ఆ సోదరులు చెప్పినది నేరాంగీకారం కాదు. మనుషులను పశువుల్లా శ్రమపెట్టే పోటీ పద్ధతిపై ఫిర్యాదు. ఆ ఫిర్యాదును ఎవరూ పట్టించుకోలేదు. 1967 జూలై 13న మండుటెండలో వెంటూ పర్వతం ఎక్కుతూ బ్రిటిష్ సైక్లిస్టు టామ్ సింప్సన్ కుప్పకూలి మరణించినప్పుడు, అలసట తెలియనివ్వకుండా నరాలను ఉద్రేకపరిచే యాంఫెటమైన్ అతని దేహంలో ఉన్నట్లు తేలింది. తోటివారందరికీ తెలిసిన విషయం లోకానికి తెలియడానికి ఒక నిండు ప్రాణం పోవలసి వచ్చింది.

ఇంత తెలిసినా నోళ్లు మూతపడి ఉండటానికి కారణాన్ని వ్యక్తుల పిరికితనంలో కంటే ఆ క్రీడ నడిచే తీరులో వెదకాలి. పోటీలో సైక్లిస్టులు పెలొటాన్ అనే పెద్ద గుంపుగా కదులుతారు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే అతని వెనక నక్కి వచ్చేవాడికి శ్రమ దాదాపు మూడో వంతు తగ్గుతుంది కనుక, ఎంత బలవంతుడైనా తోటివారి సహకారం లేనిదే రోజుల తరబడి నిలవలేడు. ఎవరిని ముందుకు పోనివ్వాలో, ఎవరిని తరిమి పట్టుకోవాలో చాలాసార్లు ఆ గుంపే నిర్ణయిస్తుంది. ఒప్పందాలు సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో ముగిసిపోతాయి కాబట్టి, గుంపుకు కంటగింపైనవాడు ఆ రోజు పందేన్నే కాక మరుసటి ఏటి జీవనోపాధిని కూడా పోగొట్టుకోవచ్చు.

ఈ శిక్ష ఎలా అమలవుతుందో రెండు ఉదంతాలు చూపుతాయి. 1998లో ఫెస్టినా జట్టు సహాయకుడు ఒకరు కారు నిండా నిషేధిత మందులతో సరిహద్దులో పట్టుబడినప్పుడు, ఆ జట్టులో వాటిని ముట్టనివాడిగా సహచరులే పేర్కొన్న క్రిస్టోఫ్ బాసోన్, మరుసటి ఏడాది టూర్‌లో పాల్గొంటూనే ఒక ఫ్రెంచి దినపత్రికలో తన సందేహాలు రాశాడు. అప్పుడు పోటీలో ముందంజలో ఉన్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆల్ప్ డ్యుయెజ్ దారిలో అతని పక్కకు వచ్చి, ఇలాంటి మాటలు క్రీడకు చేటు కనుక వెళ్లిపొమ్మన్నాడు. సొంత జట్టువారు సైతం దూరం పెట్టగా బాసోన్ కొద్ది రోజులకే పోటీ విడిచి, 2001లో వృత్తికే స్వస్తి చెప్పాడు. 2004 టూర్‌లో, వైద్యుడు మికేలే ఫెరారీపై నడిచిన ఉత్ప్రేరకాల కేసులో ఇటలీ న్యాయస్థానానికి సాక్ష్యమిచ్చిన సైక్లిస్టు ఫిలిప్పో సిమియోనీ ముందు పోతున్న చిన్న గుంపును అందుకోబోతే, అగ్రస్థానాన్ని సూచించే పసుపు జెర్సీలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా వెంటాడాడు. మొత్తం పట్టికలో ఎక్కడో వెనకబడి తనకు ఏ పోటీ కాని మనిషిని గుంపులోకి తిరిగి రప్పించి, పెదవులకు జిప్పు వేసుకున్నట్లు కెమెరా ముందు సైగ చేశాడు. సాక్ష్యం చెప్పినవాడి గతి ఏమవుతుందో అక్కడున్న ప్రతి యువ సైక్లిస్టూ ఆనాడు చూశాడు.

పరీక్షలు ఉండగా సాక్షులెందుకు అనేవారు ఆ పరీక్షల పరిమితిని గమనించాలి. ఎర్ర రక్తకణాలను పెంచి కండరాలకు ప్రాణవాయువును అధికంగా అందించే ఈపీవో అనే హార్మోను 1990వ దశకమంతా వాడుకలో ఉన్నా, దానిని నేరుగా గుర్తించే పరీక్ష 2000లో గాని అమలులోకి రాలేదు. ఎన్నో పరీక్షలు దాటుకుంటూ వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్‌ను చివరకు దోషిగా నిలబెట్టినది మనుషుల మాటే: 2012లో అమెరికా ఉత్ప్రేరక నిరోధక సంస్థ ఎదుట 26 మంది, వారిలో 15 మంది సైక్లిస్టులు, ఇచ్చిన ప్రమాణపూర్వక వాంగ్మూలాల ఆధారంగా 1999 నుంచి 2005 వరకు అతను గెలిచిన ఏడు టూర్ బిరుదులు రద్దయ్యాయి.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వినవలసి ఉంది. ఆధారం లేని ఆరోపణ నిర్దోషి పరువును మంటగలుపుతుందన్న మొదటి ఆక్షేపణ న్యాయమైనదే. అందువల్లనే వదంతిని మోయడానికీ, తాను చూసినది, చేసినది విచారణ జరిపే చోట చెప్పడానికీ మధ్య గీత గీయాలి. తాను తప్పు చేసినవాడికి మాట్లాడే అర్హత లేదన్నది రెండవది. 2006 టూర్ బిరుదును పోగొట్టుకొని, ఏళ్ల తరబడి బుకాయించిన ఫ్లాయిడ్ లాండిస్ 2010లో నిజం ఒప్పుకోకపోతే ఆర్మ్‌స్ట్రాంగ్‌పై ఆ మహా విచారణ అంత దూరం వచ్చేది కాదు కనుక, ఆలస్యంగా వచ్చిన సాక్ష్యాన్నీ స్వీకరించక తప్పదు. అయితే ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినది అతను కాదు, మందులు ముట్టకుండా వెనకబడి అనామకులుగా మిగిలిపోయినవారు. మౌనం ఏ పక్షమూ వహించదనుకోవడం పొరపాటు. అది మోసగాడి పక్షాన నిలిచి, నిజాయితీపరుడి కూటిని లాక్కుంటుంది.

కాబట్టి సైక్లిస్టులు మాట్లాడి తీరాలి. కాని ఆ భారం అందరిపై సమానంగా మోపడం అన్యాయం. ఏడాది ఒప్పందంపై బతికే కొత్త కుర్రవాడి నుంచి త్యాగాన్ని ఆశించేముందు, కీర్తీ సంపదా స్థిరపడిన విజేత నుంచి సాక్ష్యం ఆశించాలి, ఎందుకంటే అతనిని గుంపు వెలివేయజాలదు. సాక్షిని బెదిరించడాన్ని, అతనిపై కక్ష సాధించడాన్ని 2021 ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక నియమావళి శిక్షార్హమైన ప్రత్యేక ఉల్లంఘనగా చేర్చింది. విచారణకు గణనీయంగా సహకరించినవారికి నిషేధ కాలంలో నాలుగింట మూడు వంతుల వరకు మినహాయింపు ఇచ్చే వీలు కూడా ఆ నియమావళిలో ఉంది. నిజం చెప్పినవాడికి మరుసటి ఏడు కూడా ఏదో ఒక జట్టులో చోటు దొరికినప్పుడే ఈ నిబంధనలు సార్థకమవుతాయి. ఆ చోటు కల్పించడం జట్టు యజమానుల, ప్రాయోజకుల విధి, దానిని అడిగి సాధించడం విజేతల విధి.