ఓడలో బాల్కనీ గది

అమ్మానాన్నలను అలాస్కా ఓడ ప్రయాణానికి తీసుకువెళ్తున్న అమెరికాలోని ఒక విశ్వాసి, "అయ్యగారూ, బాల్కనీ గదికి అంత సొమ్ము పెట్టవచ్చునా?" అని అడిగారు. లూకా 14లో గోపురం కట్టేవాని లెక్క ప్రభువే చెప్పారు గనుక మనమూ లెక్క చూద్దాం.

గ్లేసియర్ బేలో మార్జరీ హిమానీనదం సుమారు ఒక మైలు వెడల్పు. బాల్కనీలోనుండి ఒక ప్రక్కే కనబడుతుంది; పైడెక్కు మీద అన్ని వైపులా. డెక్కుకు వేరే టిక్కెట్టు లేదు. పార్కు రేంజర్లు ఓడ ఎక్కి చెప్పే వివరణ అందరిదీ. ఊళ్లో చెప్పుకోవడానికైతే బాల్కనీ వద్దు.

అయితే మోకాళ్ల నొప్పులతో చలిగాలిలో నిలువలేని అమ్మగారికి? అది విలాసమని నేననను. పిల్లలారా, కిటికీ లేని లోపలి గది మీకు చాలు. బాల్కనీ అమ్మకు తీయండి. హిమానీనదం వచ్చినపుడు శాలువా కప్పి, ఆమె ప్రక్కన కూర్చోండి.