మార్కులకు మాత్రమేనా మన బహుమతి?
(విద్యార్థినుల బహుమతి ప్రదాన సభలో చేసిన ఉపన్యాసము)



మహిళా సంఘములను నడిపిన పెద్దల పేరను, చదువు చెప్పిన ఉపాధ్యాయినుల పేరను విద్యార్థినులకు బహుమతులిచ్చుట మనకు ఆచారమైనది. ఈ చెన్నపట్టణమున నట్టివారిలో మొదట స్మరింపదగినవారు కీర్తిశేషులు శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ గారు.

వారు 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యముననే బడి విడిచిరి. స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకేగి వచ్చిన పిమ్మట మరల పుస్తకము చేతబట్టి, 1942లో న్యాయశాస్త్ర పట్టము పొందిరి. 1937లో వారిచ్చట స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, బాలికలను కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షకు సిద్ధము చేయుటతో పని ప్రారంభించినది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి వారే ప్రథమాధ్యక్షులు. బడి మానిన వయోజన స్త్రీలు కొద్దికాలములో చదువు పూర్తిచేయుటకై ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యాక్రమమును నెలకొల్పినది.

ఇట్టివారి పేర మనమిచ్చు బహుమతి ఎవరికి చేరుచున్నది? తరగతిలో అగ్రస్థానము పొందిన బాలికకే. ఆమె అర్హురాలే, సందేహము లేదు. కాని ఇంటిపనులకో, పెండ్లికో చదువు మానిన పిల్లను మనమీ సభకు పిలువలేదు. మార్కులే కొలత యైనచో, బడి విడిచిన నాటి దుర్గాబాయి గారికిని మన బహుమతి దక్కియుండదు.

కావున మాదొక విన్నపము. రాబోవు సంవత్సరము నుండి ఒక బహుమతిని, ఆగిన చదువును మరల సాగించు విద్యార్థినికై కేటాయింతము. పతకమునకు బదులు పరీక్ష రుసుమును, పుస్తకముల వెలయు నిత్తము. అట్టి పిల్ల మీ వీధిలోనున్నచో సంఘమునకు తెలియజేయుడు. ఇదియే ఆ మహనీయురాలికి మనము చేయదగిన సత్కారము.