గడచిన అలవాటు, దాచిన మాట

(పోలీసు, కేంద్ర సాయుధ బలగాల ఉద్యోగాలకు సిద్ధమవుతున్న తెలుగు యువతీయువకులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ఈ బెంగళూరు నగరానికి మనలో కొందరి తాతముత్తాతలు వచ్చారు. కొందరు నిన్నగాక మొన్న అనంతపురం నుండి, చిత్తూరు నుండి, కర్నూలు నుండి వచ్చారు. ఎప్పుడు వచ్చినా, పిల్లలకు ప్రభుత్వోద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుందన్న నమ్మకం మాత్రం అందరిదీ ఒకటే. 2024 నుండి కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షను హిందీ, ఆంగ్లాలతో పాటు 13 ప్రాంతీయ భాషలలో వ్రాసే వీలు కలిగింది. వాటిలో తెలుగు ఉంది, కన్నడమూ ఉంది. కనుక మన పిల్లలకు భాష ఇక అడ్డు కాదు. అడ్డు వచ్చేది మరొకటి ఉన్నది. దానిని గురించి మనం ఇళ్ళలో మాట్లాడుకోము. అందుకే ఈ సభలో మాట్లాడుతున్నాను.

ఇటువంటి సభలు ముగిసిన తరువాత ఎవరో ఒక యువకుడు, అందరూ వెళ్ళేదాకా ఆగి, దగ్గరకు వచ్చి మెల్లగా అడుగుతాడు. "సార్, కాలేజీలో ఉండగా స్నేహితులతో కలిసి గంజాయి త్రాగాను. ఇప్పుడు పూర్తిగా మానేశాను. పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చునా?" ఈ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పడం సాధ్యం కాదు. ఎందుకంటే అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి, అలవాటు. రెండు, కేసు. మూడు, దాచడం. వీటిని విడదీసి చూడాలి.

మొదటిది అలవాటు. ప్రభుత్వోద్యోగానికి ఎంపికైన అభ్యర్థి చేత అటెస్టేషన్ ఫారం నింపిస్తారు. అందులోని ప్రశ్నలు ఇలా ఉంటాయి: మిమ్ములను ఎప్పుడైనా అరెస్టు చేశారా? మీపై అభియోగం మోపారా? జరిమానా విధించారా? శిక్ష పడిందా? ఏదైనా కేసు విచారణలో ఉన్నదా? ఈ ప్రశ్నలు పోలీసు, న్యాయస్థానాల చర్యలకు సంబంధించినవి. ఏనాడో చేసి విడిచిన పొరపాటు ఏ కేసుకూ దారితీయకపోతే, ఈ ప్రశ్నలకు "లేదు" అని వ్రాయడం అబద్ధం కాదు. అడిగిన దానికి నిజం చెప్పాలి, అడగనిదానిని చెప్పలేదని అభ్యర్థిని తప్పుపట్టరాదు. సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. వైద్య పరీక్ష వేరు. అక్కడ మత్తు అలవాటును గురించి అడిగితే, దానికీ నిజమే చెప్పాలి. అలవాటు ఇంకా విడువని వారు మాత్రం దరఖాస్తు కన్న ముందు చికిత్సను గురించి ఆలోచించాలి.

రెండవది కేసు. మనవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. దాని 27వ సెక్షను ప్రకారం మత్తుపదార్థాన్ని సేవించడమే నేరం. కొకైన్, హెరాయిన్ వంటివైతే ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గంజాయి వంటి ఇతర పదార్థాలకు ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇవి కాక, పదార్థం జేబులో దొరికితే అది వేరే నేరం. గంజాయి విషయంలో కిలో వరకు "స్వల్ప పరిమాణం" అంటారు. స్వల్పమంటే నేరం కాదని అర్థం కాదు, శిక్ష తక్కువని మాత్రమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పందొమ్మిదేళ్ళ కుర్రవాడు, అద్దెగదిలో నలుగురితో ఉంటున్నాడు. ఒక రాత్రి పోలీసులు వచ్చారు, పరీక్ష చేయించారు, కేసు వ్రాశారు. ఊరిలో తల్లిదండ్రులకు తెలియకూడదని వాడి భయం. ఎవరో సలహా చెప్పారు: "ఒప్పేసుకో, జరిమానా కట్టేయ్, ఒక్క రోజులో తేలిపోతుంది." వాడు అలాగే చేశాడు. తేలిపోయిందనుకున్నాడు. నిజానికి ఆ రోజు వాడి మీద నేరనిర్ధారణ జరిగింది. జరిమానా కట్టడమంటే బస్సులో టికెట్టు లేక అపరాధ రుసుము కట్టడం వంటిది కాదు, శిక్ష అనుభవించడమే. నాలుగేళ్ళ తరువాత పరుగుపందెంలో నెగ్గి, వ్రాత పరీక్షలో నెగ్గి, అటెస్టేషన్ ఫారం ముందు కూర్చున్నప్పుడు ఆ జరిమానా రసీదు గుర్తుకు వస్తుంది.

కనుక తల్లిదండ్రులకు నా మొదటి విన్నపం: కేసు ఎంత చిన్నదైనా న్యాయవాదిని అడగకుండా నేరం ఒప్పుకోనివ్వకండి. డబ్బు లేదనవద్దు. నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును.

మాదకద్రవ్యాల చట్టంలో మరొక ద్వారం ఉన్నదని చాలామందికి తెలియదు. 64ఎ సెక్షను ప్రకారం, సేవనానికి గాని స్వల్ప పరిమాణానికి గాని సంబంధించిన కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలోనో చికిత్సకు చేరితే, అతనిని విచారణ నుండి మినహాయించవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపును వెనుకకు తీసుకోవచ్చు. నేరం రుజువైన తరువాత కూడా, 39వ సెక్షను కింద జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం న్యాయస్థానానికి ఉన్నది.

చికిత్సకు పంపితే రికార్డులోకి ఎక్కి భవిష్యత్తు పాడవుతుందని కొందరు తల్లులు వెనుకాడతారు. అమ్మా, ఆసుపత్రి చీటీ ఎఫ్ఐఆర్ కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనానికి సంబంధించిన స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని ఆదేశించింది. కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మన నగరంలోనే నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉన్నది. వ్యసన విముక్తికి జాతీయ సహాయ నంబరు 14446.

పద్దెనిమిదేళ్ళు నిండకముందు కేసు జరిగి ఉంటే, 2015 నాటి బాలల న్యాయచట్టం 24వ సెక్షను రక్షణగా నిలుస్తుంది. బాల్యంలో జరిగిన నేరనిర్ధారణ వలన తరువాతి జీవితంలో అనర్హత కలుగకూడదని అది చెబుతుంది. పదహారేళ్ళు దాటి, ఘోరమైన నేరంలో పెద్దలతో సమానంగా విచారణ జరిగిన వారికి మాత్రం ఈ రక్షణ లేదు.

ఇక మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, దాచడం. అటెస్టేషన్ ఫారం మొదటనే హెచ్చరిక ఉంటుంది: తప్పుడు సమాచారం ఇచ్చినా, వాస్తవాన్ని మరుగుపరచినా అనర్హులవుతారని. ఫారం ఇచ్చిన తరువాత అరెస్టయినా, కేసు పడినా వెంటనే తెలియజేయాలి. లేకుంటే అదీ దాచినట్లే.

"బెంగళూరులో జరిగింది ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది?" అని కొందరు అనుకుంటారు. వలస వచ్చిన మనకు ఈ భ్రమ మరీ ఎక్కువ. గడచిన అయిదేళ్ళలో ఏడాదికి మించి నివసించిన ప్రతి చోటునూ ఆ ఫారంలోనే వ్రాయమంటారు. విచారణ సొంత ఊరితో ఆగదు, అద్దె ఇంటి చిరునామాకూ వస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మనం తరచు ఇళ్ళు మారుతాము. కోర్టు సమన్లు పాత ఇంటికి పోతాయి. హాజరు కాకపోతే వారంటు వస్తుంది. కనుక అనుమానం ఉన్నవారు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో తమ పేరుతో వెదకి చూసుకోవాలి. కేసు ముగిసి ఉంటే తీర్పు ధ్రువీకృత ప్రతిని తెచ్చి ఇంట్లో భద్రపరచుకోవాలి.

చెబితే ఏమవుతుంది, దాస్తే ఏమవుతుంది? 2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి మార్గం చూపింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం సత్యమై ఉండాలి. చిన్నతనంలో చేసిన అల్పమైన నేరమైతే, దాచినప్పటికీ, నియామకాధికారి తన విచక్షణతో క్షమించవచ్చు. తీవ్రమైనదైతే నియామకాన్ని రద్దు చేయవచ్చు. కేసు ఉన్నదని తెలియనివాడిని దాచాడని నిందించరాదు. అయితే నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. అభ్యర్థి పూర్వచరిత్రను తూచే హక్కు అధికారికి ఉంటుంది. సాక్ష్యం చాలక కేసు కొట్టివేయబడిన చోట కూడా ఆ హక్కు పోదు. పోలీసు శాఖలో ఆ తూకం మరింత కఠినం.

2022లో వచ్చిన రెండు తీర్పులు ఈ తేడాను చూపుతాయి. మే నెలలో, రైల్వే రక్షణ దళంలో కేసు విషయం తెలుపలేదని తొలగించిన ఒక కానిస్టేబుల్ పక్షాన సుప్రీంకోర్టు నిలిచింది. దాచాడన్న ఒక్క కారణంతో, ముందు వెనుకలు చూడకుండా తొలగించరాదన్నది. సెప్టెంబరులో మరొక ధర్మాసనం, కేసును దాచిన సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ తొలగింపును సమర్థించింది. ఒకరికి ఉద్యోగం దక్కింది, మరొకరికి పోయింది. అటువంటి జూదంలోకి మీ జీవితాన్ని ఎందుకు నెట్టాలి?

ఆ పందొమ్మిదేళ్ళ కుర్రవాడి దగ్గరకు మళ్ళీ వెళదాం. ఇప్పుడు వాడికి ఇరవై మూడు. కలము చేతిలో ఉన్నది. "జరిమానా విధించారా?" అన్న ప్రశ్న ఎదుట ఖాళీ గడి ఉన్నది. "అవును" అని వ్రాస్తే ఉద్యోగం పోవచ్చు. ఇది నేను దాచను. అయితే అప్పుడు తీర్పు ప్రతి, చికిత్స ముగించినట్లు వైద్యుని పత్రం, ఆ తరువాతి నాలుగేళ్ళ నడవడి అధికారి ముందు మాట్లాడతాయి. ఆ ఏడు కాకపోయినా మరో ఉద్యోగానికి తలెత్తుకొని వెళ్ళవచ్చు. "లేదు" అని వ్రాస్తే ఉద్యోగం రావచ్చు. కాని పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఇంటి అప్పు మీద సంతకం చేసిన తరువాత కూడా ఒకనాడు నోటీసు రావచ్చు. అప్పుడు అడిగేది గంజాయిని గురించి కాదు, అబద్ధాన్ని గురించి. అలవాటుకు వయసు సాకు అవుతుంది. అబద్ధానికి ఏ సాకూ దొరకదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు ఆ ఫారం ఎదుట ఒంటరిగా కూర్చోకూడదు. వాడు ఇంట్లో నిజం చెప్పగలిగితేనే ఫారంలో నిజం వ్రాయగలుగుతాడు. ఈ రాత్రి భోజనాల వేళ, కోపం పక్కన పెట్టి, ఒక్కసారి అడిగి చూడండి.