ఛాయాచిత్ర విమర్శ: చెప్పువారు, వినువారు
(లిలువాలో తెలుగువారి సభకై సిద్ధపరచిన ప్రసంగపాఠము)



తెలుగు సంఘముల ఉత్సవములలో సభ్యులు తీసిన ఛాయాచిత్రములను ప్రదర్శించుట ముచ్చటైన వాడుక. చూడవచ్చినవారు వరుసగా నడచి, ప్రతి చిత్రము కడను "చాల బాగున్నది" అని, కాఫీ ఇచ్చుచోటికి సాగిపోవుదురు. ఫైలుపై "చూచితిని" అని వ్రాసి సంతకముచేసి పంపివేయుటకును దీనికిని భేదము స్వల్పము. కాకిపిల్ల కాకికి ముద్దే. కాని ఆ ముద్దు మాట ఇతరులు గూడ పలికినచో చిత్రము తీసినవాడు నేర్చుకొనునదేమి?

ఒక ఉదాహరణ కల్పించుకొందము. 1900లో ఈస్టిండియా రైల్వేవారు నెలకొల్పిన లిలువా కార్ఖానాలో ఒక తెలుగు యువకుడు పనిచేయుచున్నాడు. శ్రీకాకుళమునుండి అతని తల్లి నెలదినములుండి పోవుటకు వచ్చినది. ఒక ఆదివారము ఉదయమున ఆమెను హుగ్లీ ఒడ్డునకు గొనిపోయి, నదికి వీపుగా మెట్లపై నిలిపి, ఫొటో తీసినాడు. నీరు తళతళ మెరసినది. తల్లి ముఖము నల్లని నీడయైనది. మంగళవారము ఆమె రైలెక్కినది.

ఆ చిత్రమును సంఘమునకు తెచ్చిన దినమున ఒకరు "అమోఘము" అన్నారు. కెమెరాల సంగతి తెలిసిన మరియొకరు "ముఖమే లేని ఫొటో యేమి ఫొటో?" అని నవ్వినారు. మొదటివారి మాటవలన అతడు ఉన్నచోటనే నిలిచెను. రెండవవారి మాటవలన కెమెరాను బీరువాలో పెట్టి తాళము వేసెను. ఆ తల్లి రూపమును తీసి దాచగలవాడు ఇంటిలో అతడొక్కడే యని నవ్వినవారికి తోచలేదు.

మూడవవారు అడుగవలసిన ప్రశ్న వేరు: "నాయనా, నీవు ఏమి తీయదలచితివి?" అతడు తటపటాయించి, "అమ్మ మొదటిసారి గంగను చూచినప్పటి ముఖమండీ" అనును. అప్పుడు గాని అసలు లోపము బయటపడదు. గంగను చూచుచున్న ముఖమును కోరినవాడు ఆమెను గంగకు వీపుత్రిప్పి నిలిపినాడు! లిలువా వైపున్నది నదికి పడమటి ఒడ్డు. ఉదయసూర్యుడు ఆవలనున్న కలకత్తా వైపునుండి వచ్చును. ఆమెను నదివైపు త్రిప్పి, తాను రెండు మెట్లు దిగి ప్రక్కకు నిలిచి తీసియుండినచో వెలుగు ముఖముపైననే పడెడిది; ఆమె చూపును చిత్రములోనికి వచ్చెడిది. ఆ ప్రశ్న వేయనిచో, "సాయంకాలము తీయుము" అను సలహాతో సరిపెట్టుకొనియుందుము. అదియు తప్పు కాదు. కాని అతని కోరికకు సమాధానము కాదు.

పేరుమోసిన వారికిని ఇట్టి విమర్శ అవసరమైనది. న్యూయార్కులో పాల్ స్ట్రాండ్ అను యువకుడు తన చిత్రములను ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ కడకు తీసికొనిపోవుచుండెడివాడు. మసకగా, మృదువుగా నుండుటయే కళయని భావించిన కాలమది. సుమారు 1915 ప్రాంతమున స్టీగ్లిట్జ్ ఆ మసకయే లోపమని తేల్చిచెప్పెను: రాయి, నీరు, చెట్టు తమ తమ స్వభావమును కోల్పోయి అన్నియు ఒకే తీరున కనబడుచున్నవి, కటకపు ద్వారమును చిన్నది చేసినచో స్పష్టత వచ్చును. లోపము, దాని కారణము, చేయవలసిన పని ఆ మాటలలో నున్నవి. మనిషిని గూర్చి ఒక్క మాటయు లేదు. స్ట్రాండు అలుగలేదు. 1916లో స్టీగ్లిట్జే తన చిత్రశాలలో అతని చిత్రములను ప్రదర్శించెను. 1917లో వెలువడిన "కెమెరా వర్క్" తుది సంచికను అతని చిత్రములకే కేటాయించెను.

వినువాని ధర్మము చెప్పువాని ధర్మముకన్న కష్టతరము. "ఆనాడు మబ్బుపట్టినదండి", "పిల్లవాడు కదలినాడండి" అని సంజాయిషీ మొదలుపెట్టినవాని చెవికి మరియొక మాట ఎక్కదు. చిత్రము గోడ నెక్కిన పిమ్మట తీసినవాడు దాని ప్రక్కన నిలిచి వ్యాఖ్యానము చెప్పుచుండలేడు గదా! మొదట విని, వ్రాసికొని, ఇంటికి పోయి చిత్రమును మరల చూచుకొని, పనికివచ్చినదానిని గ్రహించి తక్కినదానిని విడువవచ్చును. చెప్పిన ప్రతిమాటను పాటించుటయు వినయము కాదు.

ఇక కలకత్తాలోనే జరిగిన యొక కథ. 1856లో ఇచట బెంగాల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ వెలసినది. మహాపండితుడైన రాజేంద్రలాల్ మిత్ర అందొక సభ్యుడు. 1857లో ఆయన ఒక బహిరంగసభలో తోటల దొరల ప్రవర్తనను ఖండించగా ఆ సంఘము ఆయనను తొలగించెను. అత్తమీది కోపము దుత్తమీద తీర్చుకొనుట యనగా నిదియే. ఫొటోకును ఆ ఉపన్యాసమునకును సంబంధ మేమి? 1885లో ఆయన ఏషియాటిక్ సొసైటీకి తొలి భారతీయాధ్యక్షు డైనాడు.

మన సంఘములలో అట్టి వెలి లేదు. దానికి తలక్రిందులైన జబ్బు కలదు. పై అధికారి తీసిన చిత్రమనగానే అందరికిని అది బాగుండును. క్రొత్తగా చేరిన గుమాస్తా చిత్రములో అందరికిని తప్పులు కనబడును. అందువలన చిత్రముల క్రింద పేర్లు వ్రాయక సంఖ్యలు మాత్రమే వేయుట మేలు. 120 రీలులో పండ్రెండే చిత్రములు వచ్చిన రోజులు పోయి, సెల్‌ఫోనులో ఒక్క పూటలో వందలు తీయు రోజులు వచ్చినవి గనుక, ప్రతివారును తామే యేరి రెండుమాత్రమే తేవలెను. ఆ యేరుటయే సగము విమర్శ. ఒక్కొక్క చిత్రము కడ అయిదు నిమిషములు నిలిచి, తీసినవాని కోరిక యేమో మొదట అడుగుదురు గాక. పేర్లు పిమ్మట చెప్పవచ్చును. కాఫీ అంతవరకు ఆగినను చల్లారదు.