పెరడు ఎవరిది? సీసా మీద పేరెవరిది?

(పొదుపు సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

ఉదయం నుంచి మీరు రుణాల గురించీ మార్కెటింగ్ గురించీ చాలా విన్నారు. పెరటి తోటలు, ఇంటి పచ్చళ్ళ అమ్మకం ద్వారా స్త్రీల ఆదాయం అన్న అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. పచ్చడి పెట్టడం మీకు నేను నేర్పనక్కరలేదు. నేను ఒకే ఒక్క ప్రశ్న మీ ముందుంచుతాను. పెరట్లో మొదలై బజారులో ముగిసే ఈ పనిలో ఏ కాగితం మీద ఎవరి పేరుంది?

మా అమ్మ సంగతితో మొదలుపెడతాను. మా పెరట్లో రెండు నిమ్మచెట్లు, ఒక ఉసిరి, గోంగూర మడి, చిక్కుడు పందిరి ఉండేవి. కార్తీకంలో ఉసిరికాయ, సంక్రాంతి ముందు చింతకాయ తొక్కు, ఆ తర్వాత పండుమిరప, ఎండాకాలంలో ఆవకాయ, మాగాయ. ఏడాది పొడుగునా అమ్మ చేతులు ఉప్పూ కారంలోనే ఉండేవి. బంధువులూ నాన్న స్నేహితులూ జాడీలు పట్టుకెళ్ళేవారు. కొందరు డబ్బిచ్చేవారు, నాన్న చేతికి. నాన్న చెడ్డవాడు కాదు. అది అమ్మ డబ్బు అన్న ఆలోచన ఆయనకీ రాలేదు, అమ్మకీ రాలేదు. స్త్రీల శ్రమ మీద పుస్తకాలు చదువుతూ, సెలవులకి వచ్చి, జాడీ సంచిలో పెట్టుకుని తిరిగి వెళ్ళిన నాకూ చాలాకాలం రాలేదు. ఎవరైనా లెక్కలు రాసుకోవడానికొచ్చి ఏం పని చేస్తారని అడిగితే అమ్మ, "పనేముంది, ఇంట్లోనే" అనేది.

ఆ మాట అమ్మ ఒక్కతే అన్నది కాదు. ప్రభుత్వ లెక్కలూ అదే అన్నాయి. జాతీయ నమూనా సర్వేల్లో 92, 93 అని రెండు కోడ్‌లున్నాయి. ఇంటి పనులు మాత్రమే చేసేవాళ్ళు 92. ఇంటి పనులతో పాటు ఇంటి అవసరానికి కూరలు, కట్టెలు ఏరి తెచ్చుకోవడం, కుట్టుపని లాంటివి చేసేవాళ్ళు 93. ఇద్దరూ శ్రామికుల లెక్కలోకి రారు. పెరటి తోట సాకుతున్నారా అని ఈ స్త్రీలనే మళ్ళీ విడిగా అడిగారు, రాసుకున్నారు. అయినా కోడ్ మారలేదు. ఈ సర్వేల నిర్వచనాల్లో ఇంకో వింత చూడండి. సొంత వాడకానికి పంట పండిస్తే అది ఆర్థిక కార్యకలాపం. ఆ పంటనే ఇంటి వాడకానికి పచ్చడి పెడితే కాదు. అదే పచ్చడి అమ్మితే మళ్ళీ అవుతుంది. చేతులు అవే, చాకిరీ అదే. గడప దాటి డబ్బుగా మారితే తప్ప అది పని కాదన్నమాట. 1991 జనాభా లెక్కల్లో "కూలి లేకుండా పొలంలో, కుటుంబ వృత్తిలో చేసే పని కూడా" అన్న మాటలు ప్రశ్నలో చేర్చారు. స్త్రీల పని లెక్కకు రావడం లేదని గట్టిగా అడిగితేనే ఆ నాలుగు మాటలు వచ్చాయి.

2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో స్త్రీలు రోజుకి 289 నిమిషాలు గడుపుతున్నారు. ఆ పనులు చేసే మగవాళ్ళు గడిపేది 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. అయిదేళ్ళలో స్త్రీలకి తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళకి తొమ్మిది తగ్గాయి! "మీకు పెరడుంది కదా, పచ్చళ్ళు పెట్టి అమ్ముకోండి" అని మనం చెప్పేటప్పుడు, ఆ పని ఈ 289 నిమిషాల మీద అదనంగా పడుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక బజారుకి వద్దాం. రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. అలాంటి ఒక బజారులో ఒక స్త్రీతో చాలాసేపు మాట్లాడాను. ఆకుకూరలూ నిమ్మకాయలూ ఆమె పెరట్లోవే. వాటిని అమ్మే కార్డు భర్త పేరన ఉంది. పచ్చళ్ళు సంఘం స్టాల్లో పెడుతుంది. సీసా మీద లేబుల్ కొడుకు వేయించాడు, తన పేరుతోనే. డబ్బు కోసం అంటించిన క్యూఆర్ కోడ్ కూడా కొడుకు ఖాతాదే. రోజంతా ఎండలో కూర్చున్న మనిషి చేతికి సాయంత్రానికి చిల్లర మాత్రం మిగులుతుంది.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. పన్నెండు కిలోల ఆవకాయ. కాయ, నూనె, ఆవపిండి, కారం, ఉప్పు, సీసాలు పోగా కిలోకి అరవై రూపాయలు లాభం అంది. "మరి నీ కూలెంత అక్కా?" అన్నాను. నవ్వి, "నా ఇంట్లో నాకు కూలేంటమ్మా?" అంది. కాయ కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్క కొట్టి, జీడి తీసి, కారాలు దంచి, కలిపి, మూడో రోజు తిరగ కలిపి, సీసాలకెత్తేసరికి రెండు రోజుల పని. 2025–26లో మన రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. రెండు రోజులకి 614. కిలోకి 51 రూపాయలు. ఆమె లాభమనుకున్న అరవైలో యాభై ఒకటి ఆమె కూలే! మిగిలిన తొమ్మిదిలోంచి బస్సు ఛార్జీలు పోవాలి. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇన్నాళ్ళూ నాకు నేనే తేరగా చేశానా?" అంది. నాకు జవాబు తోచలేదు.

అలాగని ఆ డబ్బు చిన్నదని నేననను. ఎవర్నీ అడగకుండా ఆసుపత్రికి వెళ్ళగలగడం, బిడ్డకి పుస్తకం కొనగలగడం చిన్న విషయాలు కావు. అందుకే ఆ డబ్బు ఎవరి చేతికి వస్తోందన్నది ముఖ్యం.

ఇంకో ప్రశ్న, ఎవరి చేతి పచ్చడి అమ్ముడవుతుంది? ముట్టయిన స్త్రీ జాడీ తాకితే బూజు పడుతుందని ఇప్పటికీ నమ్ముతున్నారు. బూజు పట్టేది తడి తగిలినా, ఉప్పు తగ్గినా, పైన నూనె తేలకపోయినా. కులం సంగతి దీనికంటే లోతైనది. ఫలానా కులం వారి పచ్చళ్ళని కులాన్నే బ్రాండుగా అమ్ముతున్నారు. నేను చూసిన ఒక సంఘంలో మిరపకాయల తొడిమలు తీసేదీ కాయ కొట్టేదీ దళిత స్త్రీలు. స్టాల్లో మాత్రం వాళ్ళని కూర్చోనివ్వరు. "కొనేవాళ్ళు అడుగుతారు మేడం" అన్నారు. మనమంతా అక్కచెల్లెళ్ళమని పాటలు పాడుకునే సంఘమే అది.

అసలు పెరడు ఎవరికుంది? ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ఇళ్ళస్థలాల పట్టాలు స్త్రీల పేర్లతో ఇచ్చారు. అది మంచి పని. కానీ గ్రామాల్లో ఇచ్చింది సెంటున్నర, అంటే సుమారు 653 చదరపు అడుగులు. 340 అడుగుల ఇల్లు కడితే మిగిలేది 313. దారి, మెట్లు, మరుగుదొడ్డి పోగా పాదు పెట్టే చోటెక్కడ? ఇక పుట్టింటి పెరడు. మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి, హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది. అయినా పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చామని చెప్పి సంతకాలు పెట్టించుకోవడం ఆగలేదు. నేనూ ఒకప్పుడు అలాంటి కాగితం మీద సంతకం పెట్టినదాన్నే.

కాబట్టి మిత్రులారా, పచ్చళ్ళ శిక్షణలో ఆవపిండి కొలతలతో పాటు ఇవి కూడా చేర్చండి. ధర కట్టేటప్పుడు మొదట రాయవలసింది చేసినామె కూలి. ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ ఆమె పేరనే చేయించాలి. చిన్న వ్యాపారాలకి 2011 నిబంధనలు పెట్టిన రుసుము ఏడాదికి 100 రూపాయలే. బ్యాంకు ఖాతా, క్యూఆర్ కోడ్ ఆమెవే కావాలి. స్టాల్లో అన్ని కులాల స్త్రీలూ వంతులవారీగా కూర్చోవాలి. కొనేవాళ్ళు అడిగితే సంఘమంతా కలిసి జవాబు చెప్పాలి. ఇళ్ళస్థలం అడిగేటప్పుడు పెరడుతో సహా అడగాలి.

వచ్చే సమావేశానికి ఒక్కొక్కరూ ఒక సీసా లెక్క రాసుకురండి. కాయ ఎక్కడిది, కూలి ఎంత, లేబుల్ మీద పేరెవరిది, డబ్బు ఎవరి ఖాతాకి వెళ్ళింది. ఆ కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.